తంబాకు అంటిన చేతులు

మొన్న శుక్రవారం పొద్దున తలుపు తట్టిన చప్పుడైతే, పాలవాడో పేపరువాడో వచ్చే దేశం కాదు గదా ఇది, ఎవరై ఉంటారా అనుకుంటూ బనియన్ మీదే వెళ్ళి తీశాను. ఎదురుగా పాతికేళ్ళ పిల్ల, చేతిలో గరిజెల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. "గుర్తువట్టలే గదా కాకా? నేను లింగన్న బిడ్డను, మౌనికను," అంది. దోహాలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి మూడు నెలలైందట. ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఇంకో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి ఒక ఫ్లాటులో ఉంటోందట. వాళ్ళ నాన్న ఊళ్ళో ఎవరెవరినో అడిగి నా నంబరు, ఇంటి గుర్తులు సంపాదించి, సెలవు దొరికిన రోజు అల్ ఖోర్ వెళ్ళి నన్ను చూసి రమ్మన్నాడట. లింగన్న పేరు విని నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు గానీ, మా ఆవిడ సుజాత మాత్రం వంటింట్లోంచి వచ్చి నన్నూ ఆ పిల్లనూ మార్చి మార్చి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో లింగన్న అనే మనిషి గురించి ఒక్కసారైనా ఆమె దగ్గర ఎత్తలేదు నేను.

పిల్ల కలుపుగోలు మనిషి. కూర్చున్న పది నిమిషాలకే సుజాతతో కలిసి కొత్తిమీర గిల్లుతూ కబుర్లలో పడింది. "బాపు ఇప్పటికీ చెప్తడు చిన్నమ్మా, దుబాయిల నాకొక తమ్ముడుండె, హిందీ మంచిగ మాట్లాడేటోడు, అక్కడ నా నోరు వాడే అని," అంది. ఖతర్‌లో నాలుగేళ్ళు ఉండి వెళ్ళినవాడు కూడా ఊరికి చేరగానే దాన్ని దుబాయ్ అనే అంటాడు, మా వైపు అంతే. సుజాత నవ్వి, "మీ బాపు ఎవుసం చేస్తుండా మరి?" అని అడిగింది. మౌనిక కూడా నవ్వింది. "ఏడ ఎవుసం చిన్నమ్మా! పొలం కౌలుకిచ్చిండు. అమ్మ పెరట్ల చిక్కుడు పెట్టినా దూరంకెళ్ళి తిరిగి పోతడు. నా చెయ్యి మంచిది గాదు, నా చేతుల రోగమున్నది, నేను ముట్టుకుంటే చెట్టు బతుకది అంటడు. మేం నవ్వుతం." వాళ్ళిద్దరూ నవ్వుతుంటే నేను నీళ్ళు తాగే వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అప్పుడప్పుడు పత్రికలకు రాస్తుంటాను. క్యాంపు వంటల గురించి, ఎడారిలో చలికాలం గురించి, ఇక్కడి మనవాళ్ళ కష్టసుఖాల గురించి చాలా రాశాను. చదివినవాళ్ళు మంచి మనసున్న మనిషి అని ఉత్తరాలు కూడా రాశారు. ఈ సంగతి మాత్రం ఇన్నాళ్ళూ రాయలేదు. ఎందుకు రాయలేదో వేరే చెప్పనక్కర్లేదు, చదివితే తెలుస్తుంది.

నేను డిగ్రీ మధ్యలో వదిలేసి ఈ దేశం వచ్చిన కొత్తలో, అల్ ఖోర్ దాటి లోపలికి వెళ్ళాక వచ్చే ఒక మజ్రాలో, అంటే తోటలో, పనికి చేరాను. చుట్టూ ఇసుక, మధ్యలో ప్లాస్టిక్ గుడ్డ కప్పిన పొడవాటి గ్రీన్‌హౌసులు, వాటిలో టమాట. ఒక చివర తడి అట్టల మీద నీళ్ళు కారుతుంటే, రెండో చివర పెద్ద ఫ్యాన్లు ఆ చల్లగాలిని లోపలికి లాగేవి. తలుపు తీసి అడుగు పెడితే తడి అట్టల వాసన, దాని వెనక టమాటాకు వాసన. ఆ ఆకు పసరు చేతులకు అంటి, ఆరి, నల్లబడి, సబ్బుతో రుద్దితే పచ్చగా కారేది. పని కష్టమైనదేం కాదు. ప్రతి మొక్కనూ పైనుంచి వేలాడే దారానికి చుట్టాలి, పక్కన మొలిచే పిలకలను వేళ్ళతో తుంచేయాలి. ఒక మొక్క తర్వాత ఇంకో మొక్క, ఒక వరస తర్వాత ఇంకో వరస. రోజుకు కొన్ని వేల మొక్కల మెడ మీద చెయ్యి వేసేవాళ్ళం.

లింగన్న మా పక్క ఊరివాడే. అప్పటికే నలభై దాటి ఉంటాడు. మా గదిలో ఇద్దరు నేపాలీలు, ఆయన, నేను. అందరికంటే ముందు లేచి స్నానం చేసి, అన్నం వండి, మా డబ్బాలు కూడా కట్టి పెట్టేవాడు. కూర కలుపుతూ తనలో తాను మాట్లాడుకునే అలవాటు ఆయనకు. ఊళ్ళో వాళ్ళది గొర్ల కాపరుల ఇల్లు. ఒక ఏడు గాలికుంటు వచ్చి మందలో సగం పోయిందట. అప్పటినుంచి వాళ్ళయ్య చెప్పులు విడిచి, కాళ్ళు కడగందే ఎవర్నీ దొడ్డిలోకి రానిచ్చేవాడు కాదట. ఆ భయం లింగన్నకు ఒంట్లో ఇంకిపోయింది. గ్రీన్‌హౌసు తలుపు దగ్గర చెప్పులు దులిపి, చేతులు కడుక్కుని, అప్పుడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. మేము వెక్కిరించేవాళ్ళం. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. రోగం నడిచి రాదురా, మన కాళ్ళమీద అస్తది," అనేవాడు. ఆ ముక్క ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు నేను నా మాటలాగే చెబుతుంటాను.

ఆయన చేతి మహిమ ఏమిటో గానీ, తడి అట్టల నుంచి నీళ్ళు కారి పోయే కాలవ పక్కన, గ్రీన్‌హౌసు గోడ బయట, డజను మిరపచెట్లు పెంచాడు. విత్తనం ఇంటి నుంచి తెచ్చుకున్నది. వాళ్ళమ్మ పండుమిరపకాయలు ఎండబెట్టి, గింజ తీసి, బూడిదలో కలిపి కుండలో దాచేదట. వాళ్ళ నానమ్మ కాలం నుంచి ఆ ఇంట్లో అదే విత్తనం. కాయ పొట్టిగా, లావుగా ఉండి, రోట్లో నూరితే వాసన గది బయటికి వచ్చేది. శుక్రవారం ఆయన పచ్చిమిర్చి పచ్చడి నూరితే పక్క తోటల నుంచి కూడా మనవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. కొత్త గ్రీన్‌హౌసు కడుతున్నారని, దానికి ఫోర్‌మెన్‌గా లింగన్ననే పెడతారని అప్పుడే అనుకుంటున్నారు.

ఇక నా సంగతి. మా అమ్మ బీడీలు చేసేది. మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ చేసేవాళ్ళే. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, ఒక పక్క కత్తిరించిన తునికాకు. మాటలు ఆగినా వేళ్ళు ఆగేవి కావు. నేను కూడా ఆమె పక్కన కూర్చుని చిన్నప్పుడే నేర్చుకున్నాను. నేను వచ్చేటప్పుడు అమ్మ తన చేత్తో చేసిన బీడీల కట్టలు మామిడి తొక్కు డబ్బా పక్కన సర్దింది. ఈ ఎండకు ఆకు ఎండి, దారం వదులై, తంబాకు రాలిపోయేది. అందుకని టీ వేళ గ్రీన్‌హౌసు వెనక ఒక్కణ్ణే బుట్ట బోర్లించి కూర్చుని, ఒక్కొక్క బీడీ విప్పి, తంబాకు అరచేతిలో పోసుకుని, ఆకు తడిపి మళ్ళీ చుట్టేవాణ్ణి. దారం చాలకపోతే టమాటలకు కట్టే దారమే వాడేవాణ్ణి. కాల్చినదానికంటే చుట్టిందే ఎక్కువ. ఆ పది నిమిషాలు మా ఇంటి అరుగు మీద ఉన్నట్టుండేది. తర్వాత చేతులు ప్యాంటుకు తుడుచుకుని లోపలికి వెళ్ళి పిలకలు తుంచేవాణ్ణి.

చేరిన రోజే తోట ముహందిస్, అంటే ఇంజినీరు, మాకు చెప్పాడు. ఈజిప్టు ఆయన, అయినా పనివాళ్ళతో హిందీలోనే మాట్లాడేవాడు. సిగరెట్ తాగేవాళ్ళు సబ్బుతో చేతులు కడగందే మొక్కను ముట్టుకోవద్దన్నాడు. నేనే ఆ మాట లింగన్నకు తెలుగులో చెప్పాను కూడా. కానీ అది సిగరెట్ల మాట, నావి అమ్మ చేసిన బీడీలు, వాటికేమవుతుంది అనుకున్నాను. మా అమ్మ చేతుల మీదుగా వచ్చిన వస్తువు మురికిది ఎలా అవుతుందనే మొండితనం నాది. చదువుకున్నవాణ్ణే గదా, ఆ మాత్రం ఆలోచించలేకపోయానా అంటే, ఆలోచించదలుచుకోలేదు.

ముందు నా వరసల్లోనే కనబడింది. లేత ఆకుల మీద ముదురుపచ్చ, లేతపచ్చ కలిసిన మచ్చలు. తర్వాత ఆకులు సన్నబడి, మెలి తిరిగి, మొక్కలు ఎదగడం మానేశాయి. అదే సమయంలో నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే, నా వరసలు కూడా లింగన్నే చూశాడు. వారం తిరిగేసరికి ఆయన వరసల్లోకీ పాకింది. ఇంకో పది రోజులకు బయట ఆయన మిరపచెట్లకూ మచ్చలు వచ్చాయి. ఎవరి చేతుల నుంచి ఎవరి చేతులకు, ఏ దారిలో నడిచిందో ఇప్పుడు గీత గీసి చూపించగలను.

ముహందిస్ వచ్చి, ఆకులు కోసి పరీక్షకు పంపించి, మర్నాడు మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు. ఇది పురుగు కాదు, మొజాయిక్ అనే వైరస్ అన్నాడు. మొక్క పసరులో ఉంటుంది, తుంచిన గాయంలోంచి పోతుంది, చేతులు, కత్తి, దారం, చొక్కా అన్నీ దానికి బండ్లే అన్నాడు. పొగాకులో ఉంటుంది, ఆకు ఎండినా చావదు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది అన్నప్పుడు నాకు అమ్మ ఒళ్ళో చాట కళ్ళ ముందు ఆడింది. చొక్కా జేబులో అప్పుడు కూడా ఒక కట్ట ఉంది. "సిగరెట్ కౌన్ పీతా? సచ్ బోలో, యల్లా!" అని ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ వచ్చాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను తల అడ్డంగా ఊపాను.

అప్పుడాయన కంటికి బయట మిరపచెట్లు కనబడ్డాయి. "యే కిస్కా?" అన్నాడు. లింగన్న దాచలేదు. దాచాలని ఆయనకు తోచలేదు కూడా. "మేరా సాబ్. ఘర్ కా బీజ్," అన్నాడు, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లోంచి ఏరుకుని, కాస్త గర్వంగానే. ముహందిస్ వంగి ఆకులు తిప్పి చూసి, నా వైపు తిరిగి, వీటికి మచ్చలు ఎప్పుడొచ్చాయో అడగమన్నాడు. అడిగాను. లింగన్న నాకు దగ్గరగా జరిగి, నెమ్మదిగా చెప్పాడు.

"తమ్మీ, సాబుకు మంచిగ సమజయ్యేటట్టు చెప్పు. ఇవి మొన్న ఐతారం దాంక సక్కగున్నయి. లోపట నా వరసలకు అచ్చిన పది దినాలకు వీటికచ్చింది. లోపటికెళ్ళి బయటికచ్చింది గని, బయటికెళ్ళి లోపటికి పోలే. నా చేతులకెళ్ళి అచ్చిందేమో, అది కాదన. ఇత్తనంల మాత్రం లేదు."

ఎంత స్పష్టంగా చూశాడో ఆ మనిషి! రోగం ఏ దిక్కు నుంచి వచ్చిందో పరీక్ష లేకుండా చెప్పేశాడు. నేను ఆ మాట హిందీలో చెప్పి ఉంటే, మరి లోపల ముందు ఏ వరసలో వచ్చింది అన్నది ముహందిస్ అడిగే తర్వాతి ప్రశ్న. అది నాకు తెలుసు. నేను ఆయనతో హిందీలో అన్నది ఇది: "ఇంటి నుంచి తెచ్చిన విత్తనమే సాబ్. తెలియక పెట్టాడట, క్షమించమంటున్నాడు."

ముహందిస్ నిట్టూర్చి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. "చెప్పినవా?" అని అడిగాడు లింగన్న. చెప్పానన్నాను. "ఏమన్నడు?" అన్నాడు. "నమ్మలేదన్నా," అన్నాను. ఆయన వెళ్ళి కాలవ గట్టున కూర్చుని ఆ పన్నెండు చెట్లను చాలాసేపు చూశాడు. తర్వాత తనే లేచి, ఒక్కొక్కటే వేళ్ళతో సహా పీకి సంచిలో వేశాడు. కాయలు కూడా తెంపుకోలేదు.

ఆ వారమంతా గ్రీన్‌హౌసు మొత్తం పీకి, సంచుల్లో కట్టి తగలబెట్టాం. దారాలన్నీ తీసేశాం. ఇనుప కమ్ములు మందునీళ్ళతో కడిగాం. పాలపొడి కలిపిన బకెట్లు తలుపు దగ్గర పెట్టి, గంటకోసారి అందులో చేతులు ముంచమన్నారు. పాలు ఆ వైరస్‌ను పట్టేసి లొంగదీస్తాయట. "పాలు దేవుని మీద పోస్తరని తెల్సు గని, పాపం కడుక్కుంటానికి కూడ పోస్తరా!" అని లింగన్న నవ్వే ప్రయత్నం చేశాడు. ఆయన అన్నది తన పాపం గురించే. అప్పటికే తనదే తప్పని నమ్మడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడి, మోచేతుల దాకా చేతులు పాలలో ముంచాను. ఆ సాయంత్రమే నా బీడీల కట్టలన్నీ ఇసుకలో పూడ్చేశాను. నేను చేసిన మంచి పని అదొక్కటే, అది కూడా దొరికిపోతానని చేసింది.

లింగన్నను దోహా వైపు ఒక రోడ్డు పనికి మార్చారు. ఎండాకాలం మొదలవుతోంది. నలభై దాటిన మనిషి చల్లటి గ్రీన్‌హౌసు వదిలి కందకాలు తవ్వడానికి వెళ్ళాడు. బండి ఎక్కేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు లేకుంటే నన్ను సీదా ఇంటికే పంపుతుండె. నువ్వు మాట్లాడవట్టికి గింతల వోయింది," అన్నాడు. ఆ ఏడాది ఎలాగో గడిపి ఊరికి వెళ్ళిపోయాడని విన్నాను. నేను ఫోన్ చేయలేదు. కొత్త గ్రీన్‌హౌసుకు ఫోర్‌మెన్‌గా, మొజాయిక్ తెగులును దగ్గరుండి చూసినవాడు కావాలని నన్ను పెట్టారు. మెల్లమెల్లగా సూపర్‌వైజర్‌నయ్యాను. ఫ్యామిలీ వీసా, ఈ ఫ్లాటు, ఈ బాల్కనీ అన్నీ ఆ కుర్చీలోంచి వచ్చినవే.

ఇప్పుడు మా తోటలో తలుపు దగ్గర కాళ్ళు ముంచే తొట్టి ఉంది, చేతులకు తొడుగులున్నాయి, ఒక్కో వరసకు ఒక్కో కత్తి ఉంది. కరోనా వచ్చిన రోజుల్లో దోహాలో ముషైరిబ్ మెట్రో స్టేషన్‌లో చేతులు కడుక్కోమని బొమ్మలు అతికిస్తే, నేను కొత్తవాళ్ళకు దాన్ని పాఠంలా చెప్పాను. రోగం వచ్చినవాడు చెప్పాలి, దాచినవాడే ప్రమాదం అని గొంతు పెంచి మరీ చెప్పాను. చేతులు కడగలేదని ఒక నేపాలీ కుర్రాణ్ణి అందరి ముందూ తిట్టి ఏడిపించాను కూడా. లింగన్న ఉన్న రోజుల్లో మాకు సబ్బు ఒక్కటే ఉండేది, దాన్ని శ్రద్ధగా వాడిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన్ని పంపించేసి, ఆయన అలవాట్లన్నీ నియమాలుగా రాసి గోడకు అంటించాం. అడ్డొచ్చిన మొహమాటమంతా తీసేసి చెప్పాలంటే, నేను దొంగను. ఒక మనిషి మాటను దొంగిలించి, దాని మీద బతికాను.

భోజనాలయ్యాయి. సుజాత మౌనికకు టమాటపప్పు, బెండకాయ వేపుడు కొసరి కొసరి వడ్డించింది. పిల్ల బస్సుకు లేస్తుంటే, "మీ బాపుకొకసారి ఫోన్ కలుపు బిడ్డా," అన్నాను.  వీడియోలో లింగన్న కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. "తమ్మీ! నువ్వు గూడ ముసలోనివైనవురా!" అని గట్టిగా నవ్వాడు. ఎంత సంతోషంగా నవ్వాడంటే, ఇంకాసేపు ఆ నవ్వు చూసి మంచిగా మాట్లాడి పెట్టేద్దామా అనిపించింది. అనిపించింది గనక రాస్తున్నాను.

"అన్నా, ఆ రోజు ముహందిస్‌కు నువ్వు చెప్పుమన్న మాట నేను చెప్పలే," అన్నాను.

"ఏ మాటరా?"

"లోపటికెళ్ళి బయటికచ్చింది, ఇత్తనంల లేదు అన్నది. అది చెప్పలే. తప్పు నీదే అన్నట్టు చెప్పిన. ఆ రోగం నా బీడీల తంబాకుకెళ్ళి అచ్చింది అన్నా. నా చేతులకెళ్ళి నీ చేతులకచ్చింది. నీ ఇత్తనం మంచిదే."

సుజాత చేతిలో గిన్నె కింద పెట్టేసింది. లింగన్న మొహం కదల్లేదు. సిగ్నల్ పోయిందేమోనని, "అన్నా?" అన్నాను.

"ఉన్న," అన్నాడు.  "అంత సదువుకున్నాయన, నేను ఇడమరిచి చెప్పినంక గూడ కాదన్నడంటే, నా కండ్లే తప్పు చూసినయనుకున్న తమ్మీ. ఇంటికచ్చినంక ఇత్తనం కుండ మొత్తం తీస్కపోయి పొయ్యిల పోసిన. మా అమ్మ చెయ్యి పట్టుకున్నది, వద్దురా అని ఏడ్చింది. ఊరికి అంటుకుంటదే, ఊరోళ్ళ చేన్లు పోతయే అని నేనే ఇడిపించుకోని పోసిన."

"తప్పయిందన్నా," అన్నాను. అంతకంటే పెద్ద మాట తెలుగులో నాకు దొరకలేదు.

"ఫోను బిడ్డకియ్యి," అన్నాడు.

ఇచ్చాను. మౌనిక అందుకుని, నా వైపు చూడకుండా గుమ్మం దాకా వెళ్ళి, ఒక చేత్తో చెప్పులు వేసుకుంటూ అవతల ఆయన అడిగినదానికి జవాబు చెప్పింది. "తిన్న బాపూ. వీళ్ళింట్లనే తిన్న."